పడమటి హద్దు

హాజరు పుస్తకం నా చేతికిచ్చిర్రు,
పదో తరగతి దాకా చదివిన కోడలు
మా ఊర్లె నేనొక్కదాన్నేనని.
నేను చదివింది మరాఠీ బడి.
మేం తిట్టుకునేది, ఏడ్చేది తెలుగుల.
అందుకని మా మాటల్ని తెచ్చి
ఆ అక్షరాల్లో కూసోబెడుత.
ఆ అక్షరాల్లో పొట్టి ఒ లేదు.
ఒడ్డు అని రాయబోతే ఓడ్డు అని సాగుతది.
మా ఒడ్డు పెరిగింది
ఆ పుస్తకంల ఒక్కకాడనే.

మొదటి కూడిక బక్కయ్య ఎడ్లకొట్టంల.
పదకొండు మంది,
అందుల ముగ్గురు బీడీకి నిప్పు కోసం వచ్చినోళ్ళు.
మూడు వానకాలాలల్ల ప్రాణహిత మా మిరపచేండ్లు కోసుకపోయింది.
సాత్‌బారా కాయిదంల మాత్రం అవి పచ్చగ ఉన్నయి,
పంట: మిరప. శిస్తు: బాకీ.
చేపలు తిరిగే జాగకు మనమెందుకు కట్టాలె?
"చేపల్నే కట్టమను" అన్నడు సడవలి.
నవ్విర్రు. అది కూడ రాసిన.

రెండో కూడికల చందా.
ఇంటికి ఇరవై, లేనోళ్ళు దోసెడు ఎండుమిర్చి.
పైసలు నాలుగు వందల అరవై.
మిర్చి ఎవరింట్ల దాయాలన్న దాని మీద
గంటన్నర కొట్లాట,
పాత పగలన్నీ లేచి కూసున్నయి,
ఎవలో ఎవలి తాతనో మేకదొంగ అన్నరు.
ఆ గంటన్నర రాయలే.

సిరొంచ కచేరి కాడ బాబు మా అర్జీ వాసన చూసినట్టు చూసి
"భూమి చూపెట్టుర్రి, కొలుస్తం" అన్నడు.
వెనుక నుంచి పోచుబాయి
"సరే" అన్నది.
ఇంకేమీ అనలే.

మే నెలల నది సన్నబడ్డది.
ఇసుకల నిలబడి పోచుబాయి
ఒక కన్ను మూసింది.
అటొడ్డు గుట్ట కొన, ఇటొడ్డు పంపుహౌజు గోడ
ఒక్క గీతల పడేదాక పక్కకు జరిగి జరిగి
"ఇగో, ఇది నా పొయ్యిగడ్డ.
కూలోళ్ళకు ఇక్కడనే చాయ్ కాగేది" అన్నది.
అక్కడనే టెంటు గుంజ పాతినం.
ఇసుకల గుంజ నిలువదు,
పొద్దందాక ఇద్దరు పట్టుకొనే ఉండాలె,
వంతులు రాసేది నా పని.

ఎగువ గూడెం నుంచి మడావి జంగుబాయి
ఆడోళ్ళను తోలుకొచ్చింది, అంబలి కుండలతోని.
వాళ్ళకు వేరే పందిరి వేసిర్రు మనోళ్ళు.
మూడోనాడు గాలిదుమారం
ఒక్క పందిరిని ఎత్తుకపోయింది, మనదే.
అందరం వాళ్ళ పందిరి కిందికి పోయినం.
ఎవలూ దాని మీద మాట్లాడలే.
అంబలి మాత్రం పుల్లగ బాగుండె.

మొదటినాడు నూట అరవై ఒక్క సంతకాలు.
ఐదోనాడు డెబ్భై.
పెండ్లిళ్ళ రోజులు, తునికాకు రోజులు, ఎవల్నేమంటం.
తొమ్మిదోనాడు నలుగురు, ఒక కుక్క.
సడవలి కుక్క వేలుముద్ర కూడ పెట్టించిండు.
నేను కోపానికొచ్చిన గని చెరపలే.
అటొడ్డు తెలంగాణ నుంచి నాటుపడవల
మా మేనత్త కొడుకు మజ్జిగ తెచ్చిండు,
వాని పేరు ఏ ఊరి కింద రాయాలె?
నది అని రాసిన.

పదకొండోనాడు తలాఠీ వచ్చిండు,
బూట్లు చేతుల పట్టుకొని,
భుజం మీద గొలుసు.
తూర్పు కొలిచిండు, దక్షిణం కొలిచిండు.
పడమట నీళ్ళు మోకాళ్ళకు రాంగనే ఆగి
"ఇక్కడికి చాలు, పంచనామా రాస్త" అన్నడు.

పోచుబాయి కొంగు నడుముకు చెక్కింది.
గొలుసు కొన అతని చేతులకెల్లి గుంజుకొని
నడిచింది.
నడుము లోతు.
రొమ్ము లోతు.
తల ఒక్కటి, పొద్దు ఎదురుంగ, నల్లగ.
"ఇంక ఉన్నది నా చేను" అని కేకేసింది.
ఎన్నడు పోయిన్రో ఎటు పోయిన్రో ఊర్లె సగం మంది
ఆ కేకకు ఒడ్డు దిగుతున్నరు.
తలాఠీ పెన్ను మూత తీసిండు.
నేను కూడ తీసిన.
హద్దులు: తూర్పు, బక్కయ్య బీడు. దక్షిణం, దారి.
పడమర కాడ చెయ్యి ఆపుకొని చూస్తున్న,

గొలుసు ఇంక బిగుసుకోలే.